ఎడంచేతి దర్జీ

వేసవి శిబిరానికి రెండు గదులిచ్చారు. ముందు గదిలో చెయ్యి తిరిగినవాళ్ళు రంగులతో బొమ్మలు వేసేవారు. వెనక గదిలో కొత్తవాళ్ళు రబ్బరులా మెత్తగా ఉండే లినో పలకలు చెక్కి అచ్చులు తీసేవారు. ఆడపడుచు ముందు గదిలో, వదిన వెనక గదిలో. ఇద్దరూ ఒకే బస్సులో వచ్చి గుమ్మం దగ్గర విడిపోయేవారు.

వదిన పట్టుబట్టి చేరడానికి కారణం ఒక్కటే. పోయినేడు చనిపోయిన భర్త దర్జీ. ఆయన బట్ట కత్తిరిస్తున్న ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా గుర్తింపు కార్డు కోసం బిక్కమొహం వేసుకుని దిగిందే. బజారంతా ఎడంచేతి దర్జీ అని పిలిచే ఆ మనిషిని, కత్తెరతో సహా ఇంట్లో గోడ మీద చూసుకోవాలని ఆమె కోరిక.

"పలక మీద బొమ్మ తిరగేసి గీయండి, అచ్చులో అటుది ఇటవుతుంది" అని మాస్టారు మొదటిరోజే చెప్పారు. అందరితోపాటు ఆమె కూడా తలూపింది. కానీ పెన్సిలు పట్టుకోగానే మనిషి కళ్ళముందు నిలిచాడు. నిలిచినవాణ్ణి నిలిచినట్టే గీసేసింది. వేళ్ళు బొబ్బలెక్కేలా చెక్కింది.

శిబిరం చివర పెట్టే ప్రదర్శనకు ముందురోజు పలకకి నల్లసిరా పూసి, కాగితం పరిచి, అచ్చు యంత్రం చక్రం తిప్పింది. కాగితం ఎత్తి చూస్తే ముక్కు ఆయనదే, మెడ వంపూ ఆయనదే. కత్తెర మాత్రం కుడిచేతిలో ఉంది.

ఆడపడుచు చేతులు తుడుచుకుంటూ వచ్చి తొంగిచూసింది.

"ఎవరు వదినా ఈయన? మా అన్నయ్యేనా, పక్క కొట్టు ఆయనా?"

"నోర్ముయ్."

"లేదులే, బొమ్మ బావుంది. కుడిచెయ్యయితే ఏం, ఎవరు చూడొచ్చారు?"

"నేను చూడాలి కదే, రోజూ."

ఆడపడుచు ఇక వేళాకోళం చెయ్యలేదు. తనే వెళ్ళి మాస్టార్ని పిలుచుకొచ్చింది.

"మళ్ళీ చెక్కే టైము లేదమ్మా" అన్నారాయన. "ఒకటి చెయ్యొచ్చు. ఇంకో అచ్చు తీసి, తడి ఆరకముందే దాని మీద తెల్లకాగితం పెట్టి నొక్కితే బొమ్మ మళ్ళీ తిరగబడుతుంది. కానీ వెలిసిపోయినట్టు వస్తుంది. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

ఇద్దరూ కాగితానికి చెరోవైపు పట్టుకున్నారు.

"కదపకే!"

"నేనెక్కడ కదిపాను? నీ వైపే జారుతోంది వదినా."

బొమ్మ వచ్చింది. ఉతికి ఉతికి వెలిసిన చొక్కా రంగులో ఉన్నాడు మనిషి. కత్తెర ఎడంచేతిలో ఉంది.

"గోడ మీద నల్లదే నిలుస్తుంది వదినా. బొమ్మలు వేసేదాన్నిగా చెప్తున్నా" అంది ఆడపడుచు. మాస్టారూ అదే మాటన్నారు. ప్రదర్శనలో ఒక్కొక్కరు ఒక్క బొమ్మే పెట్టాలి. వదిన రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వెలిసినదాన్ని తీసుకుపోయి తనే తగిలించింది.

మర్నాడు వచ్చినవాళ్ళు ఆడపడుచు బొమ్మ దగ్గర గుమిగూడారు. దర్జీ ముందు ఆగినవాళ్ళు తక్కువ. ఒకాయన మాత్రం, "సిరా చాల్లేదామ్మా?" అని జాలిపడ్డాడు.

"చాలిందండీ" అంది వదిన.

జనం పల్చబడ్డాక ఆడపడుచు వచ్చి పక్కన నిలబడింది. అన్నయ్యను కిందనుంచి పైదాకా చూసింది.

"చెవి సరిగ్గా పడలేదు వదినా."

"పడకపోతే పోయిందిలే. కత్తెర పట్టాక ఆయనకి నా మాట ఎప్పుడు వినబడింది గనక?"