సన్న సూది

ఆదివారం వచ్చిందంటే మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో డాక్టర్ షగుఫ్తా పళ్ల క్లినిక్‌లో కుర్చీలు చాలవు. ఐకాడ్ లేబర్ క్యాంపుల నుంచి వచ్చినవాళ్లు బుగ్గలు పట్టుకుని వరసగా కూర్చుంటారు. ఆవిడది కడప కాబట్టి తెలుగువాళ్లంతా ఆవిడ దగ్గరికే వస్తారు. పంటి బిగువున ఓర్చుకుని మింగేసిన మాట పంటి వేరులోనే ఉండిపోతుందనీ, రూట్ కెనాల్ కోసం పన్ను తెరిస్తే పైకి వినిపిస్తుందనీ వాళ్లందరికీ తెలుసు. అలాంటప్పుడు నర్సు అనమ్ మర్యాదగా తలుపు వేస్తుంది, అంతే. డాక్టరమ్మకూ ఒక పన్ను నొప్పి ఉంది. ఎవరికీ చూపించుకోదు.

ఆ రోజు భోజన్న వంతు. జగిత్యాల వైపు వాడు, షట్టరింగ్ పని చేసే వడ్రంగి. కరోనాకి ముందు ఊరు వెళ్లివచ్చిందే ఆఖరు. భార్య లక్ష్మవ్వ ప్రతి శుక్రవారం ఫోన్లో "ఎప్పుడొస్తవ్?" అంటుంది. ఇతను పళ్లు బిగబట్టి "సూద్దాం" అంటాడు. కూతురు ప్రేమ నర్సింగ్ పూర్తిచేసి నిరుడే ఉద్యోగంలో చేరింది. ఇక్కడ ఉండడానికి కారణం తీరిపోయింది, ఉండడం మాత్రం అలవాటైపోయింది. మర్నాడు ఇంకో రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలి.

పన్ను తెరవగానే లోపలి నుంచి భోజన్న గొంతే వచ్చింది. "లచ్చవ్వా, ఇంటికొస్తనే. నాతోని అయితలేదు."

అనమ్ తలుపు వేసింది. పాపం, తన గొంతులో అంత ఆశ ఉందని భోజన్నకే తెలియదు.

"మేడం, గదాన్ని మొత్తం గీకి తీసేయుండ్రి," అన్నాడు. "రేపు దస్కత్ పెట్టాలె."

షగుఫ్తా రెండు సూదులు చూపించింది. "రెండింటికీ మొన ఒకటే సన్నం అన్నా. పైకొచ్చేకొద్దీ ఇది గబగబా లావవుతాది, ఇది మెల్లిగా అవుతాది. లావుదాంతో గీకితే మాట మొత్తం పోతాది. కానీ పంటి గోడ పలచనై, గట్టిది కొరికితే పగులుతాది. సన్నదాంతో అయితే పన్ను బలంగా ఉంటాది. చీమునంతా మందునీళ్లతో కడిగేస్తా. మాట మాత్రం మూలల్లో మిగిలిపోతాది."

భోజన్న సూదుల్ని తేరిపార చూశాడు. "మా కర్రసీల గూడ గింతే మేడం. తల లావుగ జెక్కితే కర్ర పల్గుతది."

"మరి ఏది పెట్టమంటావు?"

పగులుతుందని తెలిసీ సీల కొట్టడం అతనికి చేతకాదు. "సన్నదే పెట్టుండ్రి," అన్నాడు నీరసంగా.

మర్నాడు ఆఫీసులో ముదీర్ సనావుల్లా, హైదరాబాద్ నుంచి వచ్చిన మేనేజరు, కాగితం ముందుకు తోశాడు. "ఇంకో దో సాల్, ఠీక్ హై కదా భోజన్నా?"

సరే అందామని భోజన్న నోరు తెరిచాడు.

"ఇంటికొస్తనే," అంది పన్ను.

"అరె, ఇంటికా? ముందే చెప్పొచ్చు కదా. ఖలాస్, పో," అని సనావుల్లా ఆ కాగితం వెనక్కి తీసుకుని క్యాన్సిల్ కాగితం ఇచ్చాడు.

పొరపాటైంది సార్ అంటే సరిపోయేది. భోజన్న పెన్ను అందుకున్నాడు. అనలేదు. సంతకం పెట్టాడు.

శుక్రవారం దాకా ఆగలేక అప్పుడే ఫోన్ చేశాడు. లక్ష్మవ్వ బెదిరిపోయింది. "సోమారం జేసినవేంది? పానం బాగలేదా?"

"ఇంటికొస్తున్న. మల్ల పోను."

అవతల బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"నీకు బియ్యం ఎంత పొయ్యాలెనో మర్సిపోయిన," అంది లక్ష్మవ్వ.