చిన్నమందకు ముందు నీళ్లు

జమ్మలమడుగులో ఆ ఆదివారం కాసిన ఎండకు పెన్నలో ఇసుక వేగి పేలాలైందనీ, పిల్లలు దోసిళ్లకెత్తుకుని బెల్లంతో తిన్నారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అంత ఎండలో రేకుల కప్పు కింద కుట్టుమిషన్ ముందు కూర్చున్నా, అనురాధకు మాత్రం వేళ్లు చల్లబడిపోయాయి. దారపు కండెల డబ్బాకు ఆనించి నిలబెట్టిన ఫోనులో యుద్ధం మొదలవబోతోంది.

ఆట పేరు బురుజు. కొంతమంది కలిసి ఒక గిల్డ్ పెట్టుకుంటారు, కోట కట్టుకుంటారు, పక్క గిల్డ్‌ల కోటల మీద పడతారు. గంట మోగేలోపు ఎవడైనా లోపలికొచ్చి జెండా ముట్టుకున్నాడా, కోట వాడి గిల్డ్‌ది. ఓడిన గిల్డ్ పేరూ, కోట గుమ్మం మీదున్న దాని పెద్ద పేరూ చెరిగిపోతాయి. అందులోవాళ్లు గెలిచినవాళ్ల కింద రాళ్లు మోయాల్సిందే.

అనురాధ గిల్డ్‌లో ఏడుగురే. ఆమె తమ్ముడు ప్రతాప్ సింహాద్రిపురంలో గొర్రెలు మేపుతూ ఆడతాడు. మైమూన్ పులివెందుల్లో గాజులంగడి గల్లా దగ్గర కూర్చుని ఆడుతుంది. మిగతా నలుగురూ తలా ఒక ఊరు. ఇంట్లో అనురాధ ఒకరి కోడలు, ఒకరి పెళ్లాం, బజారులో జాకెట్లు కుట్టే ఆమె. ఉత్త అనురాధ అని పేరు రాసి ఉన్నది లోకంలో ఒక్కచోటే, ఆ కోట గుమ్మం మీద. ఈ పొద్దు అది పోయేలా ఉంది.

ఎందుకంటే మీదికి వస్తున్నది ప్రొద్దుటూరు సుహాస్ దండు. ఆ దండు ఎంత పెద్దదంటే, ముందున్నవాడు కోటగోడకు వీపు గోక్కుంటుంటే వెనకున్నవాడు ఇంకా మైదుకూరులో టీ తాగుతుంటాడు. పెద్ద గిల్డ్‌లు చిన్నవాటిని మింగేస్తున్నాయని మొన్న ఆట కంపెనీవాళ్లు ఒక కట్టడి తెచ్చారు. పదిమందికి మించని గిల్డ్‌కు గోడ మూడింతలు మందం, కత్తి రెండింతలు పదును. చిన్నవాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. సుహాస్ బడిపంతులు కొడుకు, ఎక్కాలు బాగా వచ్చినవాడు. తన దండును తొమ్మిదేసి మంది చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక పేరూ ఒక పెద్దనూ పెట్టాడు. ఇప్పుడు వాళ్లందరి కత్తులూ రెండింతలు పదునే.

పొద్దున ఫోన్ చేసి నవ్వాడు కూడా.

"అక్కా, మేమూ చిన్నోళ్లమే ఇప్పుడు. కొంచెం దయ సూడండి."

"తోడేలు గొంగడి కప్పుకుంటే గొర్రె అయితాదా సుహాసూ?"

"కాదులేక్కా. గాని కంపెనీవాళ్లకు గొంగడే కనపడతాది."

కొమ్ము ఊదారు. కొండ దిగి దండు వస్తోంది. తలలు తప్ప నేల కనపడలేదు.

"అక్కా, వస్తాండారు," అంది మైమూన్ చెవిలోని ఇయర్‌ఫోనులో. "శానామంది ఉండారు. నాకు కాళ్లు వణుకుతాండాయి."

"గల్లా కాడ కూసున్నదానికి కాళ్లతో ఏం పని మే. చేతులు వణక్కుండా సూస్కో. ప్రతాపూ, వాకిలి భద్రం."

కోటకున్నది ఒకటే వాకిలి. దానిముందు ఇద్దరు పక్కపక్కన పట్టని గొంది. ఆ తలుపు తీసేదీ మూసేదీ ప్రతాప్ ఫోనులోనే ఉంది. అతను పలకలేదు.

"రే ప్రతాపూ."

చెవిలో గొర్రెల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడే, అనురాధ చూస్తుండగానే, కోట తలుపు కిర్రుమంటూ బార్లా తెరుచుకుంది.

ఆమెకు గుండె జారి మిషన్ తొక్కుడుపలక మీద పడ్డట్టయింది.

"తలుపు ఎవురు తీసినారు?"

"నేను గాదక్కా." ప్రతాప్ రొప్పుతున్నాడు. "పిల్ల తీసింది."

"ఏ పిల్ల?"

"నల్లమూతి గొర్రెపిల్ల. ఫోను తొట్టిగట్టు మీద పెడితే నాకింది."

"యుద్ధంలో ఫోను గట్టు మీద పెడతావా?"

"ఏం జెయ్యమంటావక్కా. నీళ్లకు తోలుకొచ్చినా. మెహబూబున్నీసవ్వ పది మేకలు తోలుకొని అదే తొట్టికొచ్చింది. చిన్నమందకు ముందు నీళ్లని నాయన కట్టడి గదా. మనోటిని రెండు చేతులా అడ్డం నిలబడి ఆపల్ల. వదిలినానంటే అన్నీ ఒకేసారి ఎగబడి ఒకదాన్నొకటి తొక్కి సంపుకుంటాయి. ఉండు, ఇప్పుడే మూస్తా."

అనురాధ ఏదో అనబోయి ఆగింది. తొట్టి. ఎగబడడం. తొక్కి చంపుకోవడం.

బురుజులో కత్తి సొంత గిల్డ్‌వాణ్ణి కోయదు. వేరే గిల్డ్‌వాడు తగిలితే మాత్రం, స్నేహితుడైనా తోడబుట్టినవాడైనా, కోస్తుంది. నిన్నటిదాకా సుహాస్‌ది ఒకటే మంద. ఈ పొద్దు వేరువేరు మందలు. పైగా జెండా ముందు ముట్టుకున్నవాడి గిల్డ్‌కే కోట.

"ముయ్యొద్దు," అంది.

"ఏందీ?"

"తలుపు ముయ్యొద్దు. అందరూ గోడ ఎక్కండి. ఎవురూ కత్తి దుయ్యొద్దు."

"అక్కా, ఎండదెబ్బ తగిలిందా నీకు?" మైమూన్ గొంతు కీచుమంది. "ఇంట్లోకి దొంగోన్ని పిలిచి పీట వేస్తాండావు."

"పిలిచేది ఒకన్ని గాదు, అందర్నీ. ఎక్కు మే."

గోడ మీద ఆరుగురు. కింద జెండా పక్కన అనురాధ ఒక్కతే. తన లెక్క తప్పిందంటే రెప్పపాటులో గుమ్మం మీద ఆ పేరు ఉండదు.

తెరిచిన తలుపు చూసి దండు ఒక్క క్షణం ఆగింది. అంతలో ఒక ముక్క పెద్ద కదిలాడు. వాడే జెండా కొట్టేస్తాడేమోనని పక్కవాడు ఉరికాడు. ఆ వెనక అందరూ. గొందిలోకి మనుషులు పచ్చడిజాడీలోకి మామిడిముక్కలు కూరినట్టు కూరుకుపోయారు. ముందువాణ్ణి తోసిన చేతిలో కత్తి ఉంది. ఆ కత్తి రెండింతలు పదును. మొదటివాడు పడ్డాడు. వాడి గిల్డ్‌వాళ్లు వెనక్కి తిరిగి, తోసినవాడి మీదికి కత్తులు దూశారు.

"ఆగండప్పా," సుహాస్ అందరికీ వినపడేలా అరుస్తున్నాడు. "ఒగరి తర్వాత ఒగరు పోండి. ముందు నన్ను పోనీండి."

"నువ్వెందుకు ముందు? నీకో గిల్డు, మాకో గిల్డు. పెద్దను చేసింది నువ్వే గదా," అన్నాడెవడో. ఆ తర్వాత సుహాస్ గొంతు వినపడలేదు. పడిపోయిన వాళ్ల గొంతు ఆటలో వినపడదు.

ఆ తొక్కిడి మోతకు ప్రొద్దుటూరు బంగారంగళ్లలో తక్కెళ్లు ఊగాయంటారు. అనురాధకు మాత్రం తన ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. దుమ్ము పలచబడుతుంటే అందులోంచి ఒకడు నడిచి వచ్చాడు. ఉమైర్. సుహాస్ ముక్కల్లో ఒకదానికి పెద్ద. ప్రాణం అడుగంటింది, కత్తి మాత్రం చేతిలోనే ఉంది. జెండాకు నాలుగడుగుల దూరం.

"అడ్డం తప్పుకో అక్కా," అన్నాడు. "ఇంగ కోట నాది."

"ముట్టుకో." ఫోను మీద ఆమె వేలు కత్తి బొమ్మ మీదే ఉంది. "నీ వెనక ఎంతమంది మిగిలినారు?"

అతను చూసుకున్నాడు. "ముగ్గురు."

"రేపు సుహాస్ మళ్లా అందర్నీ కలుపుకొని వస్తాడు. మా మీదికి గాదు. నీ మీదికి. ఆ పొద్దు నీ పక్కన ఎవురు నిలబడతారు?"

ఉమైర్ జెండా వైపు ఒకసారి, వెనకున్న ముగ్గురి వైపు ఒకసారి చూశాడు. గంటకు ఇంకా కాసేపుంది.

"నా గిల్డు పేరు నేనే పెట్టుకున్నానక్కా," అన్నాడు చివరికి. "సుహాస్ పెట్టమన్నది వేరే. మళ్లా కలుపుకుంటే అది పోతాది గదా."

"పోతాది."

"మీరు నిలబడతారా మా పక్కన?"

"మా వాకిట్లో నిలబడి అడుగుతాండావు. నిలబడకుండా యాడికి పోతాం?"

అతను వెనక్కి తిరిగాడు. గొందిలోంచి కొనప్రాణంతో లేస్తున్న వేరే ముక్కవాళ్లు ఇద్దరికి ఎదురుగా, వాకిలికి అడ్డంగా నిలబడ్డాడు. వాళ్లు అడుగు వేయడానికి జంకుతుండగానే గంట మోగింది.

గుమ్మం మీద పేరు అట్లాగే ఉంది.

మైమూన్ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. అనురాధ కిందికి చూసుకుంటే, ఎప్పుడు తొక్కిందో ఏమో, జాకెట్ చేయి ఒకటి మెడకు కుట్టేసి ఉంది.

"అక్కా," ప్రతాప్ పిలిచాడు. "ఇప్పుడన్నా తలుపు ముయ్యనా?"

"అవ్వ మేకలు తాగినాయా?"

"తాగి పోయినాయి. మనోటిని కొన్ని కొన్నే వదుల్తాండా."

"అన్నీ తాగినాక మూయ్. ముందు ఆ నల్లమూతిదానికి కడుపునిండా తాపు."