నెహాసే ముప్ఫై ఒకటి

మా ఇంట్లో కంప్యూటర్‌కి మతిమరుపు. స్విచ్ వేయగానే కీచుమని ఒక్క అరుపు అరిచి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఇవాళ తారీఖెంతో చెప్పమంటుంది. చెప్పేదాకా అడుగు ముందుకెయ్యదు. నా మొగుడు లకెవ్ దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, వంటింట్లో ఉన్న నన్ను కేకేసేవాడు.

"ఎతఫా, ఇవాళ ఎంత?"

నేను అంకె చెప్పేదాన్ని కాను. "మికాయేల్" అనేదాన్ని. అంటే పన్నెండు. "మర్యం" అంటే ఇరవై ఒకటి. నెలలో ప్రతి రోజుకీ ఒక దేవదూతో పుణ్యాత్ముడో ఉండగా మధ్యలో అంకెలెందుకు? ఆయన నవ్వకుండా అంకె కొట్టేవాడు, నెల కొట్టేవాడు, చివర మా సంవత్సరం కొట్టేవాడు. ఫెరెంజీల లెక్క కొట్టమని మా అమ్మాయి రెడియెట్ ఎంత పోరినా వినలేదు. తెల్లవాళ్ళ లెక్కకీ మా లెక్కకీ ఏడెనిమిదేళ్ళు తేడా. నా ఇంట్లో తిని నా ఇంట్లో పడుకునే వస్తువు నా ఇంటి తారీఖే చెప్పాలి అనేవాడు ఆయన. అది తినేది కరెంటు, దాని బిల్లు కూడా ఫెరెంజీలు కట్టరుగా అనేవాడు.

మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. పెద్ద గొడవలేం కావు. నాకు కోపమొస్తే నోరు మూసేసుకుంటాను, ఆయనకు కోపం రాకపోయినా నోరు తెరవడు. అలా రోజులు గడిచిపోయేవి. అయినా పొద్దున ఆ ప్రశ్న వచ్చిందంటే జవాబు చెప్పక తప్పేది కాదు. ఏ రోజు ఎక్కించిన ఫొటోలు ఆ తారీఖు పేరున్న ఫోల్డర్‌లో పడేవి, తప్పు తారీఖు కొడితే అన్నీ తప్పు చోట పడతాయని ఆయన బెంగ. ఉద్యోగమంతా భూముల కొలతల ఆఫీసులో పటాలు గీసినవాడు, వెంట్రుకవాసి తేడాను కూడా సహించడు. కాబట్టి మూతి బిగించుకునే "గాబ్రియేల్" అనేసి మళ్ళీ ఉల్లిపాయలు కోసుకునేదాన్ని. ఒకసారి నోరు విప్పాక ఉప్పు అయిపోయిందనో, గ్యాస్ అయిపోయిందనో ఇంకో మాట కూడా వచ్చేసేది.

ఆయన పోయి నెల దాటింది. నలభయ్యో రోజు చేసే తెజ్కార్ దగ్గరికొచ్చేసింది. పెరట్లో కుండల్లో తెల్లా బీరు పులుస్తోంది, ఇంటినిండా ఆడవాళ్ళు పప్పులు ఏరుతున్నారు. ఆ రోజు ఇంటి ముందు వేసే గుడారంలో పూలు చుట్టి ఏ పటం పెడతామో, తర్వాత నా జన్మంతా గోడ మీద నన్ను చూసేది ఆ పటమే. ఆయన అక్క వొయిన్‌షెత్, నా వదిన, ఆఫీసు గుర్తింపు కార్డు ఫొటో పెద్దది చేయిద్దామంది. ఆ ఫొటోలో ఆయన ఎవరి కోడినో చంకలో పెట్టుకుని పట్టుబడ్డవాడిలా ఉంటాడు. దాని కింద కూర్చుని నేను అన్నం తినలేను అన్నాను. మరి ఇంకో ఫొటో చూపించు అంది.

చూపించడానికి ఏదీ లేదు. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. పేటలో ఎవరింట్లో పెళ్ళయినా, పిల్లకి పన్నూడినా, కొత్త గొర్రె వచ్చినా ఆయనే తీసేవాడు. అందుకని అందరూ ఉన్న ఫొటోల్లో ఆయనొక్కడే లేడు. ఫోన్లో ఉన్నవన్నీ ఆస్పత్రివి, అవి నేను చూడను. పెళ్ళి ఫొటోలో ఉన్న జుట్టు కుర్రాడితో నేను కాపురం చేసింది నాలుగు రోజులు, మిగతాదంతా ఈ బట్టతలాయనతోనే.

ఒక్కటుంది. నేను తీసింది. మా లెక్కలో రెండు వేల ఒకటో సంవత్సరం, పగుమే నెల, రూఫాయేల్ రోజు, అంటే మూడు. ఆ రోజు పడే వాన పవిత్రమని పిల్లలంతా వీధిలోకి ఉరికి తడుస్తారు కదా, మా రెడియెట్ కూడా ఉరికింది. ఆయన ఆఫీసు నుంచి వస్తూ గుమ్మంలో ఆగి, కెమెరా తీసి పిల్లల్ని ఫొటోలు తీస్తున్నాడు. ఏం బుద్ధి పుట్టిందో, కెమెరా నా చేతిలో పెట్టి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, వానలోకి నడిచాడు. మొహం ఆకాశానికెత్తి నవ్వాడు. నేను బొత్తాం నొక్కాను. కెమెరా వెనక చిన్న అద్దంలో ఒక్కసారి చూశాను, అంతే. ఆయన సిగ్గుపడి లాగేసుకుని కంప్యూటర్లో ఎక్కడో వేసేశాడు. నాకు ఆ ఫొటోయే కావాలి. అది దొరక్కపోతే ఆ నవ్వు ఇక ఎవరికీ కనపడదు, నా తల్లోనే ఉండి నాతోపాటే పోతుంది. ఆ భయం నన్ను పట్టుకుంది.

కంప్యూటర్ చూస్తే ఆయనకన్నా అధ్వాన్నంగా ఉంది. కాసేపు నడిచి, వేడెక్కి, గుటుక్కుమని ఆరిపోతుంది. రెడియెట్ తన జీతంతో కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కొచ్చి, టాక్సీ స్టాండ్ దగ్గర మరమ్మతు కొట్టు పెట్టుకున్న జెరిహున్‌ని పిలిచింది. జెరిహున్ నెరిసిన గడ్డంవాడు, మా కంప్యూటర్‌కి మొదట్నుంచీ వైద్యుడు. దాని పెట్టె విప్పి, చెవి ఆనించి, లోపల డిస్కు గరగరలాడుతోందన్నాడు. పెట్టెకి ఎదురుగా టేబుల్ ఫ్యాను తిప్పాడు. ముందు మీకు అన్నిటికన్నా కావలసింది తీసుకోండి, మిగతాదాని మీద ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. స్టూడియోవాడు శుక్రవారం లోగా ఫొటో ఇమ్మన్నాడు. ఆ రోజు గురువారం.

రెడియెట్ బ్యాంకులో పని చేస్తుంది. అక్కడ యంత్రాలన్నీ ఫెరెంజీల తారీఖు మీద నడుస్తాయి కాబట్టి తెర కనపడితే చాలు దాని బుర్ర అటు తిరిగిపోతుంది. మా పగుమే మూడు అంటే సెప్టెంబర్ ఎనిమిది, మా రెండు వేల ఒకటి అంటే వాళ్ళ రెండు వేల తొమ్మిది అని వేళ్ళ మీద లెక్కగట్టి, ఆ తారీఖు ఫోల్డర్ కోసం వెతికింది. దొరికింది కూడా. తెరిస్తే అందులో ఉన్నది బడి చదువు ముగిసిన రోజున మెడలో పూలదండతో నిలబడ్డ రెడియెట్. పదేళ్ళ పిల్లని వెతకబోతే పద్దెనిమిదేళ్ళ పిల్ల దొరికింది. అప్పుడు తల కొట్టుకుంది, నాన్న పెట్టింది మన తారీఖే కదా, దాన్ని నేను మళ్ళీ మార్చానేంటి అని. అంతలో కంప్యూటర్ ఆరిపోయింది.

చల్లారే వరకూ కాఫీ కాచాను. రెండో విడత కప్పులు నింపేసరికి జెరిహున్ మళ్ళీ స్విచ్ వేశాడు. కీచుమంది, తారీఖు అడిగింది. ఎవరూ నన్ను కేకెయ్యలేదు. రెడియెట్ తన ఫోన్ చూసి తనే కొట్టేసింది. నేను కప్పులు కడగడానికి వెళ్ళిపోయాను. నీళ్ళ చప్పుడులో నా ఏడుపు ఎవరికీ వినపడలేదనుకుంటా.

ఈసారి సరిగ్గా మా రెండు వేల ఒకటిలోకే వెళ్ళింది. ఒకటో నెల నుంచి పన్నెండో నెల దాకా అన్నీ ఉన్నాయి. పగుమే లేదు. ఉండదు మరి. మా ఏడాదికి ముప్ఫై రోజుల నెలలు పన్నెండు, చివర్న ఐదారు రోజుల పగుమే పదమూడోది. కంప్యూటర్‌కి పన్నెండు దాటి తెలీదు. పగుమే వచ్చినప్పుడల్లా నేను వంటింట్లోంచి "పగుమే, రూఫాయేల్" అని అరవడం, ఆయన ఇది పదమూడు పట్టడం లేదని గొణగడం నాకు గుర్తే. గొణిగాక ఏం చేసేవాడో నేనెప్పుడూ అడగలేదు.

ఆ ఐదు రోజులూ నాన్న దీన్ని ముట్టుకునేవాడు కాదేమో, ఆ ఫొటో తుడిచేసుంటాడు అంది రెడియెట్, నా మొహం చూడకుండా. వదిన గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. బోర్లా పెట్టింది, అది ఆవిడ మంచితనం. నేను చేట ఒళ్ళో పెట్టుకుని పప్పు ఏరడం మొదలుపెట్టాను. పోనీ ఆ వానాకాలం ఫొటోలైనా తీసుకో, పేటవాళ్ళు సంతోషిస్తారు అన్నాను. రెడియెట్ ఒక్కో ఫోల్డరూ పైకి చదువుతూ కొత్తదానిలోకి పంపుతోంది.

"పన్నెండు, ఇరవై ఎనిమిది. పన్నెండు, ముప్ఫై. పన్నెండు, ముప్ఫై ఒకటి..."

నా చెయ్యి చేటలో ఆగిపోయింది.

"ఆ చివరిది మళ్ళీ చదువు."

"పన్నెండు, ముప్ఫై ఒకటమ్మా. డిసెంబర్ ఆఖరు. ఫెరెంజీల కొత్త సంవత్సరం పార్టీ ఏదో అయ్యుంటుంది."

"మీ నాన్న ఏ ఫెరెంజీ పార్టీకి వెళ్ళాడే? పన్నెండో నెలంటే నెహాసే. నెహాసేకి ముప్ఫై ఒకటి ఎక్కడుంది?"

రెడియెట్ నా వైపు చూసింది, తర్వాత తెర వైపు చూసింది. మా బతుకుల్లో ముప్ఫై ఒకటి అనే రోజే లేదు. ఏ నెలైనా ముప్ఫైతో ఆగాల్సిందే. కానీ కంప్యూటర్ పన్నెండో నెలలో ఒక రోజు ఎక్కువ ఉంది, ఎవరికీ అక్కర్లేని రోజు. పటాలు గీసే మనిషికి ఖాళీ జాగా కనపడకుండా ఉంటుందా? పగుమే ఐదు రోజుల్నీ తీసుకెళ్ళి ఆ ఒక్క రోజులో కూరేశాడు.

తెరిచింది. పక్కవీధి మురుగు పొంగిన ఫొటోలు, పండగకి పసుపు పూలు తెచ్చిన పిల్లలు, బురదలో పడ్డ గాడిద. ఫ్యాను రొద పెరిగింది. జెరిహున్ త్వరగా కానివ్వమని మెల్లగా అన్నాడు. చివర్న వాన వచ్చింది.

ఆయనే. చొక్కా వంటికి అతుక్కుపోయింది. పంట్లాం మడిచాడు గానీ మెడలో టై తీయడం మరిచిపోయాడు. అది నాభి మీదికి తడిసి వేలాడుతోంది. మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆ నోట్లో వాన పడుతోంది. వెనకాల పదేళ్ళ రెడియెట్ నాన్నని చూసి నోరెళ్ళబెట్టింది. అది కొత్త ల్యాప్‌టాప్‌లోకి వచ్చిందని రెడియెట్ చెప్పాక, పాతది ఇంకాసేపు గరగరలాడి ఆరిపోయింది. ఆ తర్వాత జెరిహున్ ఎన్నిసార్లు స్విచ్ వేసినా కీచుమని కూడా అనలేదు.

ఇలా తడిసిన మనిషిని గుడారంలో పెడితే ఊరు ఏమనుకుంటుందో అని వదిన కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి జరిగింది. చాలాసేపు చూసింది.

"మా అమ్మ నవ్వు ఇది" అంది. "వీడికి ఉందని నాకు తెలీదు." గుర్తింపు కార్డు తీసి సంచిలో వేసుకుంది.

రెడియెట్ టై ముడి దాకా కత్తిరించి స్టూడియోకి పంపడానికి సిద్ధం చేస్తోంది. జెరిహున్ పాత పెట్టెలోంచి పనికొచ్చేవి ఊడదీస్తూ, నాణెమంత బ్యాటరీ బిళ్ళ ఒకటి గోటితో పైకి లేపి నాకు చూపించాడు. ఇది చచ్చిపోబట్టే రోజూ తారీఖు అడిగేదమ్మా అన్నాడు. మార్చడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను. ఇంతసేపే అని, ఊడదీసిన చేతినే చూపించాడు.

"మరి ఇన్నేళ్ళూ మార్చలేదేం?"

"వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి. పెద్దాయన, గాషే లకెవ్, వద్దనేవారు." జెరిహున్ బిళ్ళని బల్ల మీద పెట్టాడు. "ఎతఫ అలిగినప్పుడు జవాబు చెప్పేది ఈ ఒక్క ప్రశ్నకేరా, దాన్ని బాగుచేసి నా నోట మట్టి కొట్టకు అన్నారు."

పప్పులేరే ఆడవాళ్ళు నవ్వారు. వదిన కూడా నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు, కోపమొచ్చింది. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి, ఎతఫా నాతో మాట్లాడు అని ఒక్కసారి అనొచ్చుగా. అని ఉంటే మాట్లాడేదాన్నా? ఏమో, అలిగిన నేను మాట్లాడేదాన్ని కాదేమో. ఆ సంగతి ఆయనకే బాగా తెలుసు.

కొత్త ల్యాప్‌టాప్ తెర మూలన తారీఖు ఎవరినీ అడక్కుండా తనంతట తనే వేసుకుని కూర్చుంది. తెర నిండా లకెవ్ వానలో నవ్వుతున్నాడు. నేను చేట కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, దాని ముందు ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఇవాళ గియోర్గిస్" అన్నాను ఆయనతో.