నలభై మూడో పాఠం

ఉద్యోగం వచ్చిందన్న మెసేజ్ మోగినప్పుడు నేను తడి దుప్పటి ఒక కొస పట్టుకుని మెలితిప్పుతున్నాను. రెండో కొస అక్క చేతిలో ఉంది. అక్క అంటే మా బావగారి భార్య, నా తోటికోడలు. నేను కొస వదిలేసి గెంతడంతో నీళ్లన్నీ ఆవిడ కాళ్ల మీద పడ్డాయి. నవ్వేసింది. నాకు పెళ్లై రెండు నెలలు. ఈమధ్య ప్రతి చిన్నదానికీ గెంతుతున్నాను, తలుపు వెనక మా ఆయన చొక్కా పక్కన నా చున్నీ వేలాడటం చూసినా సరే.

ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు ఇంటి నుంచే జవాబులు రాయాలి, రోజుకి నాలుగు గంటలు. రేపు తొమ్మిదికి మొదలు. "ఇంట్లో కూర్చుని చేసేదేగా, ఇంకేం కావాలి" అన్నారు అత్తయ్య. ఎంత మంచి మాట అనుకున్నాను. మా ఆయన గదిలో కిటికీ పక్క బల్ల తుడిచి, మూడేళ్ల కిందటిదాకా అక్క వాడిన లాప్‌టాప్ తెచ్చి, అందులో నా పేరుతో వేరే ఖాతా తెరిచి పెట్టాడు. వదినకి ఆసక్తి పోయి మానేసిందట, కొత్తదానిలాగే ఉందట. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాడు. ఆఫ్ చేయొద్దు, మళ్లీ లేవడానికి అరగంట పడుతుంది, మూత మూస్తే చాలు. ఈ ఇంట్లో అందరూ అంతేనట. ఛార్జరు కూడా ఏనాడూ తీయలేదు.

నేను ఒక అక్షరం కొడితే అది నాలుగు క్షణాలకు తెర మీదకు వస్తోంది. ఏమీ తెరవకపోయినా లోపల ఫ్యాను రొప్పుతోంది. అడుగున చెయ్యి పెడితే జ్వరం వచ్చిన నుదురులా కాలుతోంది. మొదటి రోజు వేళకి కనెక్ట్ కాకపోతే ఉద్యోగం తర్వాతివాళ్లకి వెళ్తుందని కంపెనీవాళ్లు ముందే రాశారు. బ్రౌజర్ మూశాను. వైరస్ కోసం వెతికాను, లేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ తొంభై ఎనిమిది శాతం నడుస్తోంది. అందులో నావన్నీ కలిపినా రెండు శాతం లేవు. మరి మిగతాదంతా ఎవరు తింటున్నట్టు? వాడుతున్నవాళ్ల పట్టిక చూశాను. ఇద్దరం ఉన్నాం. రెండో పేరు అక్కది.

రీస్టార్ట్ నొక్కబోతే హెచ్చరిక వచ్చింది: ఇంకొకరు ఇంకా పనిలో ఉన్నారు, ఆపితే వారు దాచుకోనిది పోవచ్చు.

ఆ ఇంకొకరు వంటింట్లో గిన్నెలు తోముతున్నారు.

పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వచ్చి, నిలబడే పాస్‌వర్డ్ కొట్టింది. మూడేళ్ల తర్వాత కూడా వేళ్లు తడుముకోలేదు. తెర మీద లెక్కల పాఠాలు వరసగా ఉన్నాయి. ఆవిడ పిల్లల కోసం వీడియో పాఠాలు చేసేదని నాకు అప్పుడే తెలిసింది. నలభై రెండు పూర్తయ్యాయి. నలభై మూడోదాన్ని రికార్డింగ్ ప్రోగ్రామ్ ఇంకా దాచుతూనే ఉంది. డిస్కులో చోటు చాలక, చివరిదాకా వెళ్లి ఆగిపోయి మళ్లీ మొదలుపెడుతోంది. మూడేళ్లుగా ఇదే పని. ఆ పాఠం నిడివి ఆరు గంటల పద్దెనిమిది నిమిషాలు.

తెరిచాం. ఇదే కిటికీ, ఇదే కుర్చీ. భిన్నాలు చెబుతున్న అక్క గొంతు ఇప్పటికన్నా పెద్దది. పదకొండో నిమిషంలో బయటినుంచి అత్తయ్య, చుట్టాలొచ్చారు, టీ అన్నారు. అక్క కెమెరాలోకి చూసి, "ఒక్క నిమిషం పిల్లలూ, వచ్చేస్తా" అని లేచింది.

ఆ తర్వాత కుర్చీ ఒక్కటే. ముందుకు జరుపుతూ పోయాను. ఎండ కుర్చీలో కాసేపు ఉండి, గోడెక్కి, పోయింది. కనబడని ఇంట్లోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఇస్త్రీ అయిందా, నా కళ్లజోడేది, ఇంకో ఇద్దరికి ఎక్కువ వండు. ప్రతిదానికీ అక్క 'ఆ, వస్తున్నా' అంటోంది. మా ఆయన గొంతు కూడా ఉంది, "వదినా, నా తువ్వాలు" అని. నాకు అంత ముద్దొచ్చే గొంతే. డిస్కు నిండిపోయేదాకా ఆ గదిలోకి ఎవరూ రాలేదు.

"ఆ రోజు ఏం జరిగిందక్కా?"

"ఏం జరగలేదే. టీ పెట్టాను. తర్వాత భోజనాలన్నారు. మర్నాడు ఇంకేదో. ఎవరో మూత మూసేశారు." తెర మీది కుర్చీనే చూస్తూ అంది, "నేను మానెయ్యలేదు. తిరిగి రాలేదంతే."

పదకొండు నిమిషాల పాఠాన్ని కత్తిరించి దాచాను. మిగతాదాన్ని అక్కే తీసేసింది. ప్రాసెసర్ నాలుగు శాతానికి దిగింది. ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలోకి హాల్లోంచి అత్తయ్య పిలుపు వచ్చింది: "అమ్మాయిలూ, టీ."

మా ఇద్దరి కాళ్లూ ఒకేసారి కదిలాయి. ఒకరి కాళ్లు ఒకరం చూసుకున్నాం.

హాల్లో అత్తయ్య, బావగారు, మా ఆయన కూర్చుని ఉన్నారు. అక్క నా పక్కన నిలబడింది, చేతిలో ట్రే లేకుండా. రేపు తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఆ గదిలో నా పని, ఒంటిగంట నుంచి అయిదు దాకా అక్క పాఠాలు, ఒకరి పని వేళలో ఇంకొకరు గుమ్మం దగ్గర కూర్చుంటాం అని చెప్పాను.

"మరి మేం పిలిస్తే?" మా ఆయన నవ్వుతూ అడిగాడు.

"రేపు అయిదింటిదాకా ఈ ఇంట్లో మేమిద్దరం లేమనుకోండి."