వెనకవైపు వైరు

ఆదివారాలు నా రిపేరు షాపులో చేరి గిటార్లు వాయించుకునే మా బృందానికి ఒకటే నియమం. పాత వాల్వ్ యాంప్లిఫయర్ ఎవరు ఆన్ చేసినా ముందు వెనక్కి వంగి స్పీకరు వైరు లాగి చూడాలి. "తగిలించాను" అని అందరికీ వినబడేలా అనాలి. ఆ తర్వాతే స్విచ్చి. స్పీకరు లేకుండా వాయిస్తే ఈ గాజు వాల్వుల యంత్రాల్లో ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. ఈ నియమం పెట్టింది నేనే. ఒకసారి మా బృందంలోని పళ్ల డాక్టరు ఆ మాట అనడం మర్చిపోతే, "నోట్లో పళ్లన్నీ లెక్కపెట్టేవాడివి, ఇంత లావు వైరు కనబడలేదా?" అని నలుగురిలో కడిగిపారేశాను. పాపం, నవ్వి ఊరుకున్నాడు.

అలాంటి నేను మా బావ యాంప్లిఫయర్‌ని మాడ్చేశాను.

బావ అంటే మా అక్క మొగుడు. నలభై ఏళ్లు రైలింజన్ నడిపి రిటైరయ్యాడు. రైల్వే ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు. ఆ యాంప్లిఫయర్, బీరువాలో సగమంత ఉండే దాని స్పీకరు పెట్టె, రెండూ అక్క కంటే ముందే ఆ ఇంట కాపురానికొచ్చాయి. అక్క దాన్ని "నా సవతి" అంటుంది. అంటూనే రోజూ దాని మీద దుమ్ము తుడుస్తుంది.

మూడు నెలల కిందట, లోపలి పాత కండెన్సర్లు మార్చమని బావ దాన్ని నా షాపులో పెట్టి వెళ్లాడు. పని పూర్తిచేశాను. మధ్యలో ఇంకో యాంప్లిఫయర్‌ని పరీక్షించడానికి దీని స్పీకరు వైరు పీకాను. టీ తాగి వచ్చి, ఆ సంగతే మర్చిపోయి, ఆన్ చేసి గిటార్ అందుకున్నాను. చప్పుడు లేదు. నిన్నగాక మొన్న పని నేర్చుకున్నవాడైనా వెనక్కి వంగి చూస్తాడు. నేను చూడలేదు. ముప్ఫై ఏళ్ల అనుభవం కదా! వాల్వులు ఇంకా వేడెక్కలేదనుకుని వాల్యూమ్ పెంచాను. ఇంకా పెంచి, అన్నిటికంటే లావుపాటి తీగను గట్టిగా మీటాను. లోపల చిటపటలాడింది. మాడిన వాసన ముక్కుకి తగిలాక గానీ బుద్ధి రాలేదు.

అప్పుడే ఫోన్ చేసి చెప్పుంటే పోయేది. తిట్టేవాడు, అంతే. కానీ చెయ్యలేదు. అరలో ఉన్న, దానికంటే చిన్నదైన వేరే ట్రాన్స్‌ఫార్మర్ బిగించి, దాని మీద కాస్త దుమ్ము కూడా పూసి ఇచ్చేశాను. ఆ దుమ్ము పూసిన వేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బావ ఇంట్లో తగిలించి, నాలుగు స్వరాలు వాయించి ఆగిపోయాడు.

"ఒరేయ్, లావు తీగ మోత గుండెకి తగలట్లేదురా."

"యంత్రం బాగానే ఉంది బావా. వయసు మీద పడింది, ముందు నీ చెవులు చూపించుకో," అన్నాను. పైగా నవ్వాను.

ఆయన నిజంగానే చూపించుకున్నాడు. ఈ వయసులో కొంచెం వినికిడి తగ్గడం మామూలేనన్నాడు డాక్టరు. ఆ "కొంచెం" చాలు బావకి. వాయించడం మానేశాడు. ఆదివారాలు రావడం మానేశాడు. అక్క ఏం చెప్పినా "ఆఁ?" అనడం మొదలుపెట్టాడు. నిక్షేపంగా వినబడే మనిషి నా మాట నమ్మి చెవిటివాడయ్యాడు. నేను వెళ్లినప్పుడల్లా చెబుదామనుకునేవాణ్ణి. అక్క పెట్టింది తిని వచ్చేసేవాణ్ణి.

మొన్న బుధవారం బావే షాపుకొచ్చాడు. ఆటోలో యాంప్లిఫయర్, పెట్టె, గిటార్ కూడా.

"ఇది నువ్వు ఉంచుకోరా," అన్నాడు. "ఇంజన్ల రొదలో నా చెవులు పోయినట్టున్నాయి. వినగలిగేవాడి దగ్గరుంటే దానికి మర్యాద."

"అక్కేమంది?"

"ఏమంటుంది? రాత్రి దాని మీద గుడ్డ కప్పి ఏడ్చింది. సవతే కదే అంటే, ఇన్నేళ్ల సవతి అంది."

ఇంక నా వల్ల కాలేదు. బల్ల కింద, పాత స్క్రూల డబ్బా అడుగున దాచిన మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నీ చెవులు పోలేదు బావా. ఇది పోయింది. నేనే మాడ్చాను. వైరు చూసుకోలేదు."

బావ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"అయితే నాకు వినబడుతోందన్నమాట," అన్నాడు మెల్లగా. "తేడా ఉందని నేనన్నది నిజమే."

"నిజమే బావా."

వెంటనే అక్కకి ఫోన్ చేశాడు. "ఏమేవ్! నా చెవులు బాగానే ఉన్నాయే!" అని వీధంతా వినబడేలా అరిచాడు. కళ్లు తుడుచుకుంటూ నా భుజం తట్టాడు. నన్ను తిట్టడం కూడా మర్చిపోయాడు. అంత సంతోషాన్ని మూడు నెలలు దొంగిలించి నా డబ్బాలో దాచుకున్నానని అప్పుడు తెలిసింది. ఒక్క తిట్టయినా తిట్టుంటే కాస్త తేలికపడేవాణ్ణి.

ఆ మాడినదాన్ని పాత కొలతలకే మళ్లీ చుట్టించి యాంప్లిఫయర్‌లో బిగించాను. ఆదివారం బావ వచ్చాడు. పళ్ల డాక్టరు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. జరిగింది బావ ఎవరికీ చెప్పలేదు, నేనే చెప్పాను. డాక్టరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

నేను వెనక్కి వంగి, వైరు లాగి చూసి, "తగిలించాను" అన్నాను. స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"ఒక్క నిమిషం ఆగరా," అన్నాడు బావ.

ముప్ఫై ఏళ్లలో నేను తగిలించిన వైరుని ఆయన ఎప్పుడూ లాగి చూడలేదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేచి, పెట్టె పట్టుకుని నెమ్మదిగా వెనక్కి వంగి, ఆ వైరుని తన చేత్తో లాగి చూశాడు.

"ఊఁ, ఉంది. ఇప్పుడు వెయ్యి," అన్నాడు.