అట్ట మీద తోలు

మారప్పను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు సొన్నమ్మ కోపంతో మండిపోతూ ఉంది. కోపం అతని మీద కాదు. మొగుణ్ణి మంచం మీద పడుకోబెట్టి, కట్టు కట్టిన తొడ కింద పాత చీర మడతపెట్టి, గోడకున్న మచ్చుకత్తిని ఒరతో సహా తీసుకుని వాకిట్లో చతికిలబడింది.

మారప్ప మారతహళ్ళి నుంచి సైకిలు మీద కొబ్బరిబొండాలు వేసుకుపోయి విమానాల ఫ్యాక్టరీ గేటు దగ్గర అమ్మేవాడు. బొండాలు కొట్టే మచ్చు నడుముకు వేలాడేది. మూడు రోజుల కిందట చక్రం గుంతలో పడి సైకిలు పక్కకు ఒరిగింది. మామూలుగా అయితే మోకాలు చెక్కుకుపోయేది, అంతే. కానీ కత్తి ఒరను చీల్చుకుని వచ్చి తొడలో దిగింది. పదకొండు కుట్లు పడ్డాయి.

ఆ ఒర కుట్టింది సొన్నమ్మే.

హొసకోటె రోడ్డు మీద ఆదినారాయణప్ప తోలు కార్ఖానాలో ఆమె తొమ్మిదేళ్ళుగా కుడుతోంది. మొదట్లో ఒరకు దళసరి తోలే వాడేవాళ్ళు. కిందటేడు, అంటే ఎనభైలో, ఆదినారాయణప్ప కాగితంలాంటి తోలు తెప్పించి, లోపల అట్ట పెట్టమన్నాడు. "ఇది ఆగదు సావ్కారూ" అని ఆమె అప్పుడే చెప్పింది. "పైన పాలిష్ మెరిస్తే చాలు, లోపలుండేది ఎవురు చూస్తారు?" అన్నాడాయన. ఆమె నోరు మూసుకుని కుట్టింది. రంగు సరిగా పట్టలేదని పక్కన పడేసిన ఒరను అడిగి మొగుడికి తెచ్చింది కూడా.

ఇప్పుడు దాని కుట్లు విప్పి చూసింది. చెమటకు నాని అట్ట పిండిలా రాలింది.

"ఈ చేతుల్తోనే కదా కుట్టిండేది" అని పళ్ళు కొరికింది.

మంచం మీంచి మారప్ప అన్నాడు. "పోనీలేమ్మే. నా గాచారం."

"గాచారం కాదు, అట్ట! నువ్వు మాట్లాడకుండా సుమ్మనుండు."

బోరుబావుల పనికి పోయే పక్కింటి రామాంజినప్ప దగ్గర ప్లాస్టిక్ పైపు ముక్కలు ఉండేవి. వేడి చేస్తే అది మెత్తబడి ఎటు వంచితే అటు వంగుతుందని అతనే ఒకసారి చూపించాడు. సొన్నమ్మ రెండు ముక్కలు అడిగి తెచ్చుకుంది. మొదటిదాన్ని రంపంతో నిలువునా కోసి మంటలో పెట్టింది. అది నల్లగా మాడి, ఇల్లంతా ముక్కులు పగిలే కంపు కొట్టింది. ఒక బూతు తిట్టి దాన్ని వీధిలోకి విసిరేసింది.

రెండోదాన్నీ అలాగే కోసి, వాకిట్లో నిప్పుల మీద జానెడెత్తున తిప్పుతూ కాచింది. మెత్తబడగానే చేతులకు గుడ్డ చుట్టుకుని, తడిగుడ్డ చుట్టిన కత్తి చుట్టూ దాన్ని మడిచి, రెండు పలకల మధ్య పెట్టి మీద కూర్చుంది. చల్లనీళ్ళు పోసింది. పలకలు తీసి చూస్తే, పైపు కత్తి ఆకారంలో గట్టిపడి ఉంది. తోలుకు బెజ్జాలు పొడిచే ఆరెను ఎర్రగా కాల్చి, దాంతో అంచుల్లో రంధ్రాలు పొడిచి, రాగితీగతో బిగించింది. చివరన నీళ్ళు పోవడానికి ఒక బెజ్జం పెట్టింది. నానబెట్టిన తోలు పైన చుట్టి, మైనం పట్టించిన దారంతో వెనకపక్క కుట్టింది. ఒక్కో కుట్టునూ ఆదినారాయణప్ప చెవి మెలిపెట్టినట్టు లాగింది.

ఆరిన తరువాత మచ్చు మొనను లోపలి నుంచి పక్కకు ఆనించి, బరువంతా వేసి నొక్కింది. దిగలేదు.

మర్నాడు పొద్దున కార్ఖానాకు పోయేసరికి రెండువందల ఒరలు బల్ల మీద పేర్చి ఉన్నాయి. చిక్కమగళూరు కాఫీతోట నుంచి రైటరు, అంటే అక్కడి గుమాస్తా, సరుకు చూసుకోవడానికి వచ్చాడు. ఆదినారాయణప్ప ఒక ఒరను గుడ్డతో తుడిచి అతని చేతికిస్తున్నాడు.

"ఇవి ఎవురికి సామీ?" అని సొన్నమ్మ అడిగింది.

"కొమ్మలు నరికే ఆడోళ్ళకమ్మా. నడుముకు కట్టుకుంటారు" అన్నాడు రైటరు.

ఆమె మచ్చు పెట్టి తెచ్చిన తన ఒరను బల్ల మీద పెట్టింది. ఆదినారాయణప్ప నవ్వాడు. "పైపుకు తోలు కప్పినావా? పోయి బకెట్ల అంగడి పెట్టుకో."

అప్పటిదాకా ఆమె మాటలతోనే పోదామనుకుంది. ఆ నవ్వు విన్నాక మచ్చు తీసింది. బల్ల మీది ఒరలో దూర్చి మొనను పక్కకు తోసింది. తోలు చీలి కత్తి బయటికొచ్చింది. రెండోదీ అంతే. మూడో ఒరకు ఆదినారాయణప్ప ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"చెయ్యి వదులు! నా మొగుని తొడలో దిగిండాది ఇది. ఇంక ఎంతమందికి దించల్ల?"

"వదలండి ఆమెను" అన్నాడు రైటరు. చీలిన రంధ్రంలో వేలు పెట్టి, అట్టపొడి రాల్చి చూశాడు. సొన్నమ్మ ఒరలో తానే కత్తి పెట్టి గట్టిగా నొక్కాడు. తరువాత ఆదినారాయణప్ప వైపు తిరిగి, "ఇట్లాంటివైతే పంపండి. ఇవి వద్దు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

కార్ఖానాలో కుట్టేవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. ఆదినారాయణప్ప వాకిలి చూపించాడు. "ఇంక ఈ గడప తొక్కొద్దు."

"తొక్కేది నాకూ అసయ్యమే" అని ఆమె తన ఒర, మచ్చు, ఆరె తీసుకుని బయటికి నడిచింది. ఒక్కరూ లేచి ఆమె వెంట రాలేదు. ఆ సంగతికి ఆమె ఒళ్ళు దారంతా మండుతూనే ఉంది.

వారం తిరగకుండానే, పక్క పీటమీద కూర్చుని కుట్టే ఆవులప్ప ఇంటికొచ్చాడు. తల పైకెత్తలేదు.

"అక్కా, పైపులన్నీ మాడిపోతా ఉండాయి. ఎట్ల కాల్చల్లో చెప్పు."

"నన్ను తరిమినోనికి నేను పని నేర్పియ్యాలనా? ఆ పొద్దు నీ నోట్లో ఏముండెరా, అట్టముక్కా?"

ఆవులప్ప వెనక్కి తిరిగి చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. "సరే అక్కా. కుదరకుంటే రెండట్టలు అంటించి, వేరే తోటకు అమ్ముదాం అంటా ఉండాడు సావ్కారు."

సొన్నమ్మ మారప్ప వైపు చూసింది. అతను కట్టు మీద చెయ్యేసుకుని ఆమెనే చూస్తున్నాడు.

"కూసోరా!" అని అరిచింది.

నిప్పులు చేసింది. ఆవులప్ప పైపును కిందికి దించిన ప్రతిసారీ చేతి మీద ఒకటి వేసింది. "జానెడు పైన! తిప్పు! ఆగితే మాడుతుంది." మడవడం, బిగించడం, బెజ్జం పెట్టడం, అన్నీ తిడుతూనే చూపించింది. సాయంత్రానికి అతను ఒక మంచి ఒర చేశాడు. దాన్ని చేతిలో పట్టుకుని, "సావ్కారుకు చెప్తానక్కా, నువ్వే నేర్పించినావని" అన్నాడు.

"చెప్పొద్దు. వాడి మెప్పు నాకేల? లోపల అట్ట కనపడిందంటే మాత్రం నీ ఇంటికొచ్చి నీ ఆలిబిడ్డల ముందర అడుగుతా."

తోటకు పైపు పెట్టిన ఒరలే వెళ్ళాయి. వాటి మీద కార్ఖానా ముద్రే పడింది. రైటరుకు ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. మారప్ప కుంటుకుంటూ మళ్ళీ బొండాలకు పోవడం మొదలుపెట్టాక, అతని నడుమున ఉన్న ఒర చూసి గేటు దగ్గర బొండాలు అమ్మే మిగతావాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. సొన్నమ్మ వాకిట్లో వాళ్ళకు ఒరలు కుట్టింది. కుడుతున్నంతసేపూ ఆదినారాయణప్పను తిట్టింది. ఆ కోపం తగ్గాలని ఆమె ఎప్పుడూ కోరుకోలేదు.