ఆయనగారి అభిప్రాయాలు

చొక్కా కాలరు మీద ఆమె ఇస్త్రీపెట్టె నొక్కుతుంటే ఆయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. కాలు మీద కాలేసుకుని, "ఊఁ, చెప్పు. ఈ నెల నవల సంగతేంటి?" అన్నాడు.

బుక్ క్లబ్ సమావేశం నెలకో ఆదివారం. దాని ముందు శనివారం సాయంత్రం ఈ తంతు మూడేళ్లుగా మామూలే. ఆయన నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు. పై అధికారి చేరాడని తనూ క్లబ్బులో చేరాడు. మొదటి నెల నవల ఇరవై పేజీలు చదివి, మొహం మీద బోర్లించుకుని నిద్రపోయాడు. ఆ పుస్తకం మెల్లగా తీసి ఆమె చదివేసింది. మర్నాడు ఆయన చెప్పులేసుకుంటూ, ఇంతకీ ఆ కథలో వాడు చివరికేమయ్యాడని అడిగితే, ఏమయ్యాడో, ఎందుకలా అయ్యాడో, రచయిత ఎక్కడ తప్పటడుగు వేశాడో కూడా చెప్పింది. ఆయన వెళ్లి అవే మాటలు అప్పజెప్పాడు. ఇంటికొచ్చేసరికి మనిషి నేల మీద లేడు. అందరూ నోళ్లు వెళ్లబెట్టారట. ఆ రోజు నుంచి ఆయన మళ్లీ నవల తెరిచిన పాపాన పోలేదు. క్లబ్బులో మాత్రం ఆయన పేరు నడిచే గ్రంథాలయం. వినడానికి ఎంత బావుందో!

చదవడమంటే ఆమెకి కాళ్లు చాపుకుని చదవడం కాదు. పొయ్యి దగ్గర నిలబడి నాలుగు పేజీలు, బట్టల మెషీను ఆఖరి చుట్టు తిరిగేలోపు రెండు పేజీలు, అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజు వరస చాంతాడంత ఉంటే ఏకంగా ఒక అధ్యాయం. "పాలు పొంగిపోతున్నా పేజీ తిప్పుకునే మహాతల్లివి నువ్వొక్కదానివే" అని అత్తగారు ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ అనేది. పాలు పొంగింది ఒక్కసారి. ఆ ఒక్కసారిని ఆవిడ ఆరేళ్లుగా వాడుకుంటోంది. కొడుకు చదవకుండానే గొప్ప చదువరి అయిపోయాడు గానీ, చదివే కోడలికి మాత్రం ఒళ్లు తెలీని మనిషన్న పేరు మిగిలింది.

కిందటేడు క్లబ్బు వాళ్లు ఆయన అభిరుచికి ముచ్చటపడి నవలలు ఎంచే పని ఆయనకే అప్పగించారు. అంటే ఆమెకే. ఆ పని ఆమె ఎంత మనసు పెట్టి చేసిందో ఆ దేవుడికే తెలియాలి. పదిమంది కలిసి చదివే నవల వేరు, ఒక్కరూ చదువుకునే నవల వేరు అని ఆమె గట్టి నమ్మకం. అందమైన వాక్యాలున్న నవల గుంపుకి పనికిరాదు. అందరూ బావుంది బావుంది అనేసి బిస్కెట్ల మీద పడతారు. ఏడిపించే నవలా వద్దు. పరాయివాళ్ల ముందు ఎవరూ ఏడవరు, ఏడుపు దాచుకోవడానికి జోకులేస్తారు. చివర్లో రచయితే అన్ని ముడులూ విప్పేస్తే ఇక మాట్లాడుకోవడానికేం మిగలదు, పావుగంటలో కబుర్లు స్థలాల ధరల మీదికి పోతాయి. లావుపాటి పుస్తకం ఇస్తే సగంమంది అబద్ధాలాడాలి, పాపం. నవల పల్చగా ఉండాలి. అందులో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని సగంమంది నెత్తిన పెట్టుకోవాలి, తక్కిన సగం గడప కూడా తొక్కనివ్వకూడదు. అప్పుడు మొదలవుతుంది అసలు చర్చ. ఇదంతా ఆమె తనకి తనే చెప్పుకునేది, గిన్నెలు తోముతూ. ఆ చర్చ ఒక్కసారీ ఆమె చూడలేదు. ఎవరేమన్నారని అడిగితే, "ఆఁ, ఏవో అన్నారులే" అనేవాడు ఆయన.

ఇది దొంగతనమని ఆమెకి తెలీక కాదు. తెలిసే మూడేళ్లూ తన మాటలు అప్పగించింది. ఎందుకంటే, నెలంతా ఆ ఇంట్లో ఆమెతో ఎవరైనా అనే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టవలేది. ఉప్పెక్కువైంది. అమ్మ మాత్రలు వేసుకుందా. కూతురు హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే, "నాన్నకివ్వమ్మా" అంటుంది. ఈ శనివారం అరగంట మాత్రం ఆయన ఫోను పక్కన పెడతాడు. ఆమె మొహంలోకి చూస్తాడు. ముందుకు వంగి, "ఆ తర్వాత?" అంటాడు. పెళ్లయిన కొత్తలో కూడా అలా అడగలేదు. ఆ అరగంట సాగదియ్యడానికి ఆమె చేసిన చొక్కానే మళ్లీ ఇస్త్రీ చేసేది. ఒకసారైతే, చెప్పుకోవడానికి సిగ్గుచేటు, చక్కగా మడతపెట్టిన చొక్కా మీద కావాలని నీళ్లు చల్లింది.

ఈ నెల నవల కూడా ఆమె ఎంచిందే. నూట పది పేజీలు. అందులో ఒక ఇల్లాలు ఒకరోజు మాట్లాడటం మానేస్తుంది. వంట చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది, పిల్లల్ని బడికి పంపుతుంది, మాట మాత్రం లేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లు కనిపెట్టడానికి నలభై రోజులు పడుతుంది. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. మూడోసారి, ఆ ఇల్లాలు పక్కనే నిలబడి కూరలు తరిగిపెడుతున్నట్టు అనిపించింది. అంత తోడు ఆమెకి ఈమధ్య మనుషుల్లో దొరకలేదు. అందుకే మొదటిసారి కథ చెప్పడానికి నోరు రాలేదు. అయినా చెప్పింది.

"ఇంతేనా? మాట్లాడకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందిగా" అని ఆయన నవ్వాడు. "సరే, ఇంతకీ నేనేమనాలి?"

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "మొండితనం అనండి. మొగుణ్ణి సాధించడానికి వేసిన ఎత్తు అనండి" అంది.

ఆయన తలూపి, ఆ రెండు మాటలూ ఫోన్లో రాసుకున్నాడు. ఆమెకి లోపల ఒక ఆశ. క్లబ్బులో లెక్చరరమ్మ ఉంది, పళ్ల డాక్టరమ్మ ఉంది, వేల సంసారాల గొడవలు విన్న రిటైర్డు జడ్జిగారున్నారు. ఆ మాట అనగానే ఎవరో ఒకరు దులిపేస్తారు. ఈసారి సమావేశం తమ ఇంట్లోనే కాబట్టి, ఆ దులపడం వంటింట్లోంచి చెవులారా వినొచ్చు.

ఆదివారం పక్కింటి నుంచి మూడు కుర్చీలు అరువు తెచ్చి మొత్తం తొమ్మిది వేసింది. పొయ్యి మీద టీ పడేసి, గుమ్మం పక్కన చెవి ఒగ్గి నిలబడింది. ఆయన గొంతు సవరించుకుని, "నన్నడిగితే అది మొండితనమండీ. మొగుణ్ణి సాధించడానికి వేసిన ఎత్తు" అన్నాడు.

జడ్జిగారు తలూపి, కోర్టులో ఇలాంటివాళ్లని చాలామందిని చూశానన్నారు. డాక్టరమ్మ, తనకి వేరేలా అనిపించింది గానీ, మీరన్నాక అదే నిజమనిపిస్తోందంది. లెక్చరరమ్మ, ఆ మాటని పిల్లలకి పాఠంలో చెప్తానని రాసుకుంది. ఎవరో, వచ్చే నెల ఏం చదువుదామని అడిగారు. అయిపోయింది. నలభై రోజులు నోరు మూసుకున్న మనిషి సంగతి నాలుగు నిమిషాల్లో తేల్చిపారేశారు.

ఇన్నాళ్లూ ఆమె తన మాటల్లో పస ఉండబట్టి అందరూ తలలూపుతున్నారనుకుంది. అబద్ధానికీ అంతే తలూపారు. ఊపింది మాటకి కాదు, ఆ కుర్చీకి. ఈ ఇంట్లో తనకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు, ఆ నవల్లోని ఇల్లాలి మీద తనే చాడీ చెప్పి పంపింది. ఆ పాపం ఇంకెవరిదీ కాదు. సరిదిద్దాలంటే ఒకటే దారి. ఆ దారిన వెళితే శనివారాల అరగంట పోతుంది, మళ్లీ రాదు. ఇంట్లో ఇంక ఉప్పూ, టవలూ, మాత్రలూ తప్ప మాటే ఉండదు. పొయ్యి కట్టేసింది. చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్లింది.

"అది మొండితనం కాదండీ" అంది.

తొమ్మిది తలలూ తిరిగాయి. ఆయన చప్పున నవ్వేసి, మా ఆవిడకీ కాస్త చదివే పిచ్చి ఉందన్నాడు. జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని, "నువ్వు కూడా చదివావా అమ్మా?" అని అడిగారు.

"నేనే చదివానండీ. మూడేళ్లుగా అన్నీ నేనే చదివాను, ఆయన ఒక్కటీ చదవలేదు. ఆ మొండితనమన్న మాట కూడా నేనే చెప్పి పంపాను. కోపంలో చెప్పాను. అది అబద్ధం."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. లోపలి గదిలోంచి అత్తగారు తొంగి చూసి, టీ ఏదే అంది. తొమ్మిది కుర్చీల్లో ఒక్కటీ ఖాళీ లేదు. ఆమె వంటింట్లోకి వెళ్లి, కూరలు తరిగేటప్పుడు కూర్చునే ఎత్తుపీట తెచ్చి డాక్టరమ్మ పక్కన వేసుకుని కూర్చుంది.

"ఇప్పుడు నా అభిప్రాయం చెప్తాను" అంది. "కాస్త ఎక్కువసేపే పడుతుంది. టీ పొయ్యి మీదుంది, ఎవరైనా వెళ్లి పోసుకు రండి."